తడి చెక్క మీద తారు నిలవదు



ఈ వారం మేము రాస్తున్నది పడవ అడుగు గురించి. ఆత్మీయ సంగతులు చదవడానికి వస్తే ఈ చిల్లులు, తారు, మేకుల గోల ఏమిటని కొందరు అనుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. బైబిల్లో పడవ గురించి వచ్చే మొదటి ఆజ్ఞలోనే తారు పూసే మాట ఉంది. దాని దగ్గరికి తప్పకుండా వస్తాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాం. కారుతున్న పడవకు పైన రేకు ముక్క కొట్టి, తడి మీదనే తారు పూసి, తెల్లారేసరికి మళ్ళీ నీళ్ళలోకి తోయడం మన ఒడ్డున ఆగిపోవాలి. పడవను ఒడ్డుకు లాగి సరిగా బాగు చేసుకోవాలి. ఆ బాగుచేసే రోజుల్లో పోయే కూలి ఆ ఒక్క ఇంటి నెత్తిన పడకూడదు. దాన్ని సంఘం పంచుకోవాలి.

మన ప్రాంతం పేరు చెప్పగానే బయటివాళ్ళకు కరువు గుర్తొస్తుంది. పాలమూరు అంటే వలస కూలీలు, నల్లగొండ అంటే ఫ్లోరైడు నీళ్ళు అంటారు. ఇక్కడ పడవలు కూడా ఉన్నాయంటే ఆశ్చర్యపోతారు. కాని కృష్ణమ్మ మన తెలంగాణ గడ్డ మీద అడుగుపెట్టేదే పాలమూరు నేల మీద. మక్తల్ వైపు కొన్నిచోట్ల పుట్టి లేనిదే అవతలి ఒడ్డు లేదు. కొల్లాపూర్, సోమశిల వైపు శ్రీశైలం వెనుక జలాలు. ఇటు దేవరకొండ దిక్కున చందంపేట, నేరేడుగొమ్ము వైపు సాగర్ వెనుక జలాలు. అక్కడి వైజాగ్ కాలనీ పేరే చెబుతుంది, సముద్రపు ఒడ్డు నుంచి మత్స్యకారులు వచ్చి ఈ రాళ్ళ నేల మీద స్థిరపడ్డారని. నదీతీరం వాళ్ళకు పుట్టి అల్లడం తెలుసు, సముద్రతీరం వాళ్ళకు చెక్క పడవ కట్టడం తెలుసు. రెండు చేతిపనులూ ఇప్పుడు ఒకే ఒడ్డున కనిపిస్తున్నాయి. ఈమధ్య మన పిల్లలు కొందరు ప్లైవుడ్ కోసి, ఇద్దరు పట్టే సన్న పడవలు సొంతంగా చేసుకుంటున్నారు. పట్నంలో వాటిని కయాక్ అంటారు. పేరేదైనా కష్టం ఒకటే. అడుగు దెబ్బ తింటే నీళ్ళు లోపలికి వస్తాయి.

మన దగ్గర దెబ్బలు ఎక్కువ తగిలేది ఎండాకాలంలో. ఆనకట్టలు కట్టినప్పుడు మునిగిన ఊళ్ళ గోడలు, బావుల అంచులు, కొట్టకుండా వదిలేసిన చెట్ల మొద్దులు నీళ్ళు తగ్గేకొద్దీ పైకి వస్తాయి. శ్రీశైలం జలాలు బాగా తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడే సంగతి మీకందరికీ తెలిసిందే. గుడి బయటపడితే అందరూ చూస్తారు. జానెడు నీళ్ళ కింద దాక్కున్న మొద్దును మాత్రం పడవ అడుగే ముందు చూస్తుంది.

ఒక చిన్న లెక్క చెబుతాం, పిల్లలతో వేయించి చూడండి. సెంటీమీటరు వెడల్పున్న చిల్లు నీటి మట్టానికి ఒక అడుగు కింద ఉందనుకోండి. దాని గుండా నిమిషానికి సుమారు 7 లీటర్ల నీళ్ళు లోపలికి వస్తాయి. అరగంటకు 200 లీటర్లు దాటుతుంది. అంటే ముగ్గురు మనుషుల బరువు పిలవకుండా పడవెక్కి కూర్చున్నట్టే. పైగా ఆ బరువు ఒకచోట కుదురుగా కూర్చోదు. పడవ ఎటు వంగితే అటే పరుగెత్తి ఇంకా వంచుతుంది. డబ్బాతో తోడుతూ పోదాంలే అనుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి గుర్తుంచుకోవాలి.

ఇక బాగుచేయడం. మా ఒడ్డున పని తెలిసిన పెద్దలను అడిగితే మొదట చెప్పేది తారు గురించి కాదు, ఎండటం గురించి. "అయ్యగారూ, తడి చెక్క మీద తారు నిలవది. పైకి నల్లగ గనవడతది, లోపల చెక్క మురిగిపోతనే ఉంటది" అంటారు. పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, నీడలో గాలి ఆడేలా కొన్ని రోజులు ఉంచాలి. మండుటెండలో పెడితే తొందరగా ఆరుతుందనుకుంటారు గాని, పలకలు ఒక్కసారిగా ఎండి కొత్త పగుళ్ళు ఇస్తాయి. మెల్లగా ఆరనివ్వాలి.

తరువాత కారే చోటు వెతకాలి. నీళ్ళు లోపల కనిపించిన చోటే చిల్లు ఉందనుకోవద్దు. నీళ్ళు పలక వెంట పారి దూరంగా తేలుతాయి. అందుకే పడవను దిమ్మెల మీద నిలబెట్టి, లోపల కొన్ని బిందెల నీళ్ళు పోసి, బయట ఎక్కడ చుక్క కడుతుందో చూసి సున్నంతో గుర్తు పెడతారు. ఆ తరువాత మళ్ళీ ఆరబెట్టి, పాత తారు గీకేస్తారు. చిన్న సుత్తితో పలకను తట్టుకుంటూ పోతారు. గట్టి చెక్క టంగుమంటుంది, మురిగిన చెక్క బొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట దబ్బనంతో పొడిస్తే లోపలి సంగతి తెలిసిపోతుంది.

మురిగినంత మేరా కోసి తీసేయాలి. ఇక్కడే చాలామందికి చెయ్యి రాదు. చిల్లు రూపాయి బిళ్ళంత, కోయాల్సింది అరచేయంత అయితే మనసు ఒప్పుకోదు. కాని గట్టి చెక్క తగిలేవరకు కోయకపోతే, అతికించిన ముక్క దేన్ని పట్టుకొని నిలబడుతుంది? కోసిన చోట అంచులు ఏటవాలుగా చెక్కి, అదే రకం కలపతో, నార ఒకే దిక్కుకు ఉండేలా ముక్క అమర్చాలి. లోపలి వైపు ఆ ముక్క కంటే పెద్దదిగా మరో చెక్క ఆనించి, రెంటినీ కలిపి బిగించాలి. మేకులు రాగివో, జింకు పూత పూసినవో వాడాలి. మామూలు ఇనుప మేకు తుప్పు పట్టి, తన చుట్టూ ఉన్న చెక్కను కూడా తినేస్తుంది. ఇంట్లో బల్లలకు వాడే తెల్ల జిగురు ఎక్కువసేపు నీళ్ళలో నానితే మెత్తబడుతుంది. నీళ్ళను తట్టుకునేది రెండు పాళ్ళు కలిపి వాడే ఎపాక్సీ జిగురు. సన్న సందులకు ఆ జిగురులోనే మెత్తటి రంపపు పొట్టు కలిపి నింపవచ్చు.

పలకల మధ్య సందులకు పాతకాలం నుంచి దూది, నార వాడుతున్నారు. వాటిని మరీ బిగించి కొట్టకూడదు. నీళ్ళలో దిగాక చెక్క ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చోటు లేకపోతే పలకలే విడిపోతాయి. ప్లైవుడ్‌తో పడవ చేసే పిల్లలకు ఒక మాట: దుకాణంలో ఐ.ఎస్. 710 అని ముద్ర ఉన్న పలక అడిగి తీసుకోండి. నీళ్ళకోసం చేసినది అదే. అలమారాలకు వాడే మామూలు ప్లైవుడ్ పొరలు పొరలుగా ఊడిపోతుంది.

చివరికి తారు. లోపల, బయట రెండు వైపులా. ఆ తరువాత కూడా మనుషులను ఎక్కించకూడదు. మోకాలి లోతు నీళ్ళలో ఇసుక బస్తాలు వేసి ఒక పూట ఉంచి చూడాలి. బస్తాలు తడవకపోతేనే బిడ్డలను ఎక్కించాలి.

పుట్టి సంగతి వేరు గాని నియమం ఒకటే. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు, తుంగభద్ర మీద బుట్టల్లాంటి గుండ్రటి పడవల్లో జనం దాటడం చూసి రాశాడు. లోపల బెత్తపు అల్లిక, బయట తోలు. ఇప్పుడు వెదురు అల్లికకు తోలు బదులు ప్లాస్టిక్ పట్టా, సంచిగుడ్డ, తారు వచ్చాయి. పట్టా చిరిగితే గుడ్డ మాసిక వేసి తారు పూస్తారు. కాని లోపల వెదురు బద్ద విరిగి ఉంటే, ఆ విరిగిన కొస రోజూ పట్టాను పొడుస్తూనే ఉంటుంది. ముందు బద్ద మార్చాలి, తరువాతే మాసిక.

మాసిక అనగానే మీకు వాక్యం గుర్తొచ్చి ఉంటుంది. మత్తయి 9:16లో ప్రభువు పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేయవద్దని చెప్పాడు. వేస్తే చినుగు ఇంకా పెద్దదవుతుంది. పడవకు రేకు కొట్టడం సరిగ్గా అదే. మెత్తబడిన పలక మీద గట్టి రేకు పెట్టి చుట్టూ ఇరవై మేకులు దిగ్గొడతాం. ఒక చిల్లు మూయడానికి ఇరవై చిల్లులు పెట్టామన్నమాట. రేకుకు పలకకు మధ్య నీళ్ళు చేరతాయి, గాలి ఆడదు, లోపల మురుగు మెల్లగా పాకుతుంది. పైనుంచి చూస్తే మెరుస్తూ ఉంటుంది కాబట్టి ఎవరూ తట్టి చూడరు. రేకు ఒకరోజు ఊడినప్పుడు తనతోపాటు పలకను కూడా పట్టుకుపోతుంది, అదీ నడి నీళ్ళలో.

ఇప్పుడు మొదట చెప్పిన ఆజ్ఞకు వద్దాం. ఆదికాండము 6:14లో దేవుడు నోవహుకు ఓడ కొలతలు చెప్పకముందే, లోపల బయట కీలు పూయమన్నాడు. కీలు అంటే మన తారులాంటిదే. బయట మాత్రమే పూస్తే చాలదా? చూసేవాళ్ళకు బయటే కదా కనిపిస్తుంది? కాని లోపలి తేమ కూడా చెక్కను తింటుందని చెక్కను చేసినవాడికి తెలుసు. హెబ్రీ భాషలో అక్కడ పూయడానికి వాడిన మాట అక్షరాలు, తరువాత ధర్మశాస్త్రంలో ప్రాయశ్చిత్తానికి వాడిన మాట అక్షరాలు ఒకటే. నీళ్ళు రాకుండా కప్పడం, పాపాన్ని కప్పడం, రెంటికీ ఒకే అక్షరాలు. దేవుని కప్పు పైపూత కాదు.

నిర్గమకాండము 2:3 చదివినప్పుడల్లా మన పాలమూరు అక్కలకు ఆ దృశ్యం వెంటనే అర్థమవుతుంది. మోషే తల్లి జమ్ముపెట్టెకు జిగటమన్ను, కీలు పూసి బిడ్డను అందులో పడుకోబెట్టింది. అది పుట్టి కాక మరేమిటి? నోవహు ఓడకూ ఈ చిన్న పెట్టెకూ హెబ్రీలో వాడిన మాట ఒకటే. ఆ తల్లి ఎంత శ్రద్ధగా పూసి ఉంటుందో ఆలోచించండి. ప్రార్థన చేసింది కదా అని పూత తగ్గించలేదు. పూత పూసింది కదా అని ప్రార్థన మానలేదు. ఆమె విశ్వాసం ఆమె వేళ్ళకు అంటిన కీలులో ఉంది.

బాగుచేసిన పడవను చిన్నచూపు చూసేవాళ్ళకు ఇంకొక సంగతి. 1986లో కరువు వల్ల గలిలయ సరస్సు నీళ్ళు బాగా తగ్గినప్పుడు, గిన్నోసార్ దగ్గర ఇద్దరు అన్నదమ్ములకు బురదలో ఒక పాత చెక్క పడవ కనిపించింది. పరీక్షిస్తే సుమారు 2,000 ఏళ్ళ నాటిదని తేలింది. పొడవు దాదాపు 27 అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. అందులో ఒకటీ రెండూ కాదు, 10 రకాలకు పైగా కలప ఉంది. అంటే దొరికిన ముక్కతో మళ్ళీ మళ్ళీ బాగుచేసుకుంటూ వాడారన్నమాట. అది ఏ శిష్యుడి పడవో ఎవరూ చెప్పలేరు, మేమూ చెప్పం. కాని ప్రభువు నడిచిన ఆ ఒడ్డున బీద జాలరుల పడవలు ఎలా ఉండేవో అది చెబుతుంది. మాసికలు పడిన పడవలే ఆ రోజుల్లో ఇళ్ళను పోషించాయి. మాసిక సిగ్గు కాదు. దొంగ మాసికే సిగ్గు.

ఇంత తెలిసి కూడా మన సహోదరులు రేకు ఎందుకు కొడుతున్నారు? సోమరితనం వల్ల కాదు. పడవ ఒడ్డున ఉంటే పొయ్యి వెలగదు కాబట్టి. బాగుచేయడానికి అనువైన కాలం ఎండాకాలం, నీళ్ళు తక్కువ, చెక్క తొందరగా ఆరుతుంది. కాని ఆ వెనకే మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు తెలంగాణలో ప్రతి ఇంట్లో చేప ఉడకాలి. ఏడాదిలో చేపకు మంచి ధర పలికే రోజులవి. అప్పు ఇచ్చినవాడు కూడా అప్పుడే గుమ్మం ముందు నిలబడతాడు. ఒక్క వారం పడవ బోర్లిస్తే ఏడాది ఆశ పోయినట్టు అనిపిస్తుంది. అందుకే రేకు. మనం ఒడ్డున నిలబడి "జాగ్రత్త తమ్మీ" అంటాం. యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో, బట్ట లేనివాడికి, తిండి లేనివాడికి చెయ్యి ఊపి సమాధానంగా వెళ్ళమనేవాళ్ళ గురించి రాసి ఉంది. మన జాగ్రత్త కూడా అలాంటిదే అవుతోంది.

నీళ్ళు ఎంత తీసుకోగలవో మన ప్రాంతానికి తెలుసు. 2007 జనవరిలో కొల్లాపూర్ వైపు మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. 2020 ఆగస్టులో నారాయణపేట జిల్లా పంచదేవ్‌పహాడ్ దగ్గర వరద నీళ్ళలో పుట్టి తిరగబడి నలుగురు గల్లంతయ్యారు. ఈ ప్రమాదాలకు చిల్లే కారణమని మేము అనడం లేదు. కాని వరదైనా, గాలైనా, ఎక్కువ మంది ఎక్కినా, గట్టి అడుగున్న పడవకు ఉండే ఆ కాస్త అవకాశం కారే పడవకు ఉండదు. లూకా 5:7లో చేపల బరువుకు రెండు మంచి దోనెలే మునిగేలా అయ్యాయి. మనది కారే దోనె అయితే?

కొందరు పెద్దలు అంటారు, సోమశిల దగ్గర వంతెన వస్తోంది కదా, ఇంకెన్నాళ్ళు ఈ పడవలు అని. నిజమే, 2022 అక్టోబరులో కేంద్రం ఆ తీగల వంతెనకు 1,082 కోట్లకు పైగా మంజూరు చేసింది. మంచిదే, దేవునికి స్తోత్రం. కాని వంతెన మీదుగా మనుషులు దాటుతారు, వల మాత్రం నీళ్ళలోనే వేయాలి. చేప పట్టేవాడికి పడవ ఎప్పటికీ కావాలి.

ఇంకొందరు, కానుక డబ్బు దేవుని పనికే గాని పడవలకు కాదంటారు. వారిని గౌరవిస్తూనే ఒక వాక్యం చూపిస్తాం. ద్వితీయోపదేశకాండము 22:8లో కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ఉంది. ఎవరైనా పడి చస్తే ఆ రక్తదోషం ఇంటి మీదికి వస్తుందని. పిట్టగోడను ధర్మశాస్త్రంలో పెట్టిన దేవుడు పడవ అడుగును లోకసంబంధమైన సంగతి అంటాడా? ఆదివారం ఆ పడవల్లోనే కదా అవతలి గూడెం వాళ్ళు ఆరాధనకు వస్తున్నారు?

ఇక ప్రభుత్వం చూసుకోవాలి అనేవాళ్ళున్నారు. అడగాలి, తప్పకుండా అడగాలి. మత్స్యకారుల సహకార సంఘం ద్వారా లైఫ్ జాకెట్లు, కొత్త పడవలు అడగాలి. కాని మురిగిన పలక అర్జీ కాగితం కోసం ఆగదు.

అందుకే మా మనవి మూడు మాటల్లో ఇది. మొదటిది, కోత పండుగ కానుకలో ఒక భాగం పడవల కోసం విడిగా పెడదాం. పడవ బోర్లించిన ఇంటికి ఆ వారం బియ్యం, పప్పు, కొంత కూలి అందులోంచి వెళ్ళాలి. అది అప్పు కాదు, దానం అని చాటింపూ వద్దు. గలతీయులకు 6:2 చెప్పిన భారం మోయడం అది. రెండవది, పడవలన్నీ ఒకేసారి బోర్లించకుండా వంతులు వేసుకుందాం. ఒడ్డున ఉన్నవాడికి నీళ్ళలో ఉన్నవాడు తన వేటలో కొంత ఇవ్వాలి. వచ్చే వారం వంతు మారుతుంది. మూడవది, యౌవనస్థులు ఒక పూట వచ్చి పాత తారు గీకండి, పడవ బోర్లించడానికి భుజం పట్టండి. పెద్దల దగ్గర ఆ పని నేర్చుకోండి. యెహెజ్కేలు 27వ అధ్యాయంలో తూరు పట్టణపు వైభవం చెబుతూ, ఓడలు బాగుచేసే గెబలు పెద్దలను కూడా లెక్కలో చేర్చారు. మన ఒడ్డున ఆ పని తెలిసిన పెద్దలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.

హైదరాబాదులో, ముంబైలో, పుణేలో ఉండి ఇది చదువుతున్న మన బిడ్డలకు ఒక మాట. మీలో చాలామంది ఫీజులు ఏదో ఒక పడవలోంచే వచ్చాయి. మీ నాన్నకు ఫోన్ చేసినప్పుడు "తిన్నవా నాయినా" అని అడిగాక, "పడవ అడుగు ఎట్లుంది?" అని కూడా అడగండి. ఆయన "బాగనే ఉంది" అంటే నమ్మి ఊరుకోకండి. రేకు ఉందా అని అడగండి.

మన మధ్య కూడా రేకులు కొట్టిన సంగతులు ఉన్నాయి. అన్నదమ్ముల తగాదా మీద, అత్తాకోడళ్ళ మాటల మీద, పంచుకోని పొలం గట్టు మీద ఒక ప్రార్థన పూత పూసి ఆదివారం కలిసి కూర్చుంటున్నాం. అక్కడ కూడా పద్ధతి ఇదే. ఒడ్డుకు లాగాలి, ఆరనివ్వాలి, మురిగినంత కోయాలి, లోపల బయట కప్పాలి. దానికీ సమయం పడుతుంది, దానికీ తోడు కావాలి.

మృగశిరకు ముందే కొన్ని పడవలైనా బోర్లించుదాం. ఆ ఇళ్ళలో పొయ్యి ఆరకుండా చూద్దాం. నీటి మీద నడిచిన ప్రభువు, నీటి మీద బతికే మన సహోదరులను కాపాడును గాక. వారి కోసం ప్రార్థించే మన చేతులకు కాస్త తారు కూడా అంటును గాక. ఆమేన్.